పచ్చముద్ద పట్టించే పద్ధతి



ఈ రోజు నేను ఒక ముద్ద గురించి మాట్లాడబోతున్నాను. సంగటిముద్ద కాదు లెండి. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కలిపి నూరి, కూరగాయలకో, ఉడికిన గింజలకో పట్టించి, కాసేపు ఉంచి, ఆ తరువాత పెనం మీద కాల్చుకొనే పచ్చముద్ద. హోటళ్లవాళ్లు దీన్ని మారినేషన్ అంటారు. మన ఇళ్లలో పేరేమీ లేదు. "మసాలా పట్టించి పెట్టు" అంటాం, అంతే.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఈ ఆకులు ఒక్కొక్కటీ రెండు మూడు పేర్లతో తెలుసు. హోసూరు సంతలో కొత్తిమీర కావాలంటే కొత్తమల్లి అనాలి. కోలారు, బళ్లారి వైపు కొత్తంబరి సొప్పు. షోలాపూరులో కోథింబీర్. బరంపురం, రాయగడ బజార్లలో ధనియాపత్ర. ఇంటికి వచ్చి సంచీ దించగానే అది మళ్లీ కొత్తిమీరే. పేరు ఏదైనా కట్ట ఒకటే కాబట్టి, నేను చెప్పే పద్ధతి యానాంలో ఉన్నవారికీ, నాందేడులో ఉన్నవారికీ ఒకటే.

ఈ ముద్ద సంగతి మా ఇంట్లో ఎలా మొదలైందో ముందు చెప్పాలి. మాది హోసూరు దగ్గర పల్లె. ఆదివారం వచ్చిందంటే కోడికూర ఉండవలసిందే. కోడిముక్కలకు ఈ పచ్చముద్ద పట్టించి, గంటన్నర ఉంచి, కాల్చడం మా అత్తగారు నాకు నేర్పిన పని. మా అమ్మాయి కాలేజీలో చేరిన రెండో ఏడు సెలవులకు వచ్చి, "అమ్మా, నేనింక మాంసం తినను" అంది. కారణాలు అడిగితే చెప్పింది. వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మా అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "ఉత్త ఆకులు తింటే ఒంట్లో రక్తం ఎట్లా పడుతుందే? రేపు పెళ్లి కావాల్సిన పిల్ల" అని రోజూ అదే మాట. ఆదివారం అందరూ ఒక పంక్తిలో కూర్చుంటే, ఆ పిల్ల ముందు పెరుగన్నం, ఊరగాయ. ఆ పంక్తి చూడడం నాకు కష్టంగా ఉండేది.

సరే, మీల్ మేకర్ ఉంది కదా, కోడికి చేసినట్టే దానికీ చేద్దాం అనుకున్నాను. సోయాచిక్కుడు నుంచి నూనె తీసిన తరువాత మిగిలిన పిండితో చేసే ఉండలు అవి. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు వేసి తీసి, అదే ముద్ద పట్టించి, అదే గంటన్నర ఉంచి, పెనం మీద వేశాను. పైన కారం మాడింది. లోపల చప్పగా, రబ్బరులా సాగింది. అమ్మాయి రెండు ముక్కలు తిని, "బాగుందమ్మా" అని పళ్లెం పక్కకు జరిపింది. బాగున్న వంటకు ఎవరూ అలా జరపరు.

తప్పు ముద్దలో లేదు. కోడిమాంసానికీ దీనికీ తేడా ఉందని నేను గమనించకపోవడంలో ఉంది. మాంసంలో ఉప్పు మెల్లగా లోపలికి దిగుతుంది, పులుపు పైపొరను మెత్తబరుస్తుంది. దానికి దాని రుచి ఉంది, దాని కొవ్వు ఉంది. మీల్ మేకరుకు ఆ రెండూ లేవు. అది స్పంజి. స్పంజి నిండా నీళ్లుంటే మీరు ఎంత మంచి మసాలా పూసినా లోపలికి పోవడానికి చోటేది? కూరగాయల సంగతి ఇంకో రకం. ముక్క పైన గట్టి పొర ఉంటుంది. గంట ఉంచినా, పూట ఉంచినా వాసనలు పైపైనే ఉంటాయి. ఉప్పు మాత్రం లోపలి నీటిని బయటికి లాగుతుంది. అంటే మాంసానికి ఎక్కువసేపు ఉంచితే లాభం, కూరగాయకు ఎక్కువసేపు ఉంచితే నీరుకారి మెత్తబడడమే మిగులుతుంది.

ఇప్పుడు ముద్దకు వద్దాం. ముప్పావు కిలో కూరగాయలకు సరిపడే లెక్క చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. కొత్తిమీర పెద్ద కట్ట ఒకటి. పుదీనా అందులో సగం. కరివేపాకు మూడు రెబ్బలు. పచ్చిమిరపకాయలు నాలుగైదు, మీ ఇంటి కారాన్ని బట్టి. వెల్లుల్లి ఆరు పాయలు, అల్లం బొటనవేలి కణుపంత. జీలకర్ర ఒక చెంచా. వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు రెండు పెద్ద చెంచాలు. నూనె మూడు పెద్ద చెంచాలు, వేరుశనగ నూనె అయినా నువ్వుల నూనె అయినా. ఉప్పు చెంచాన్నర. ఒక నిమ్మకాయ.

కొత్తిమీర లేత కాడలు పారవేయకండి. వాసన ఆకులో ఎంత ఉందో కాడలోనూ అంత ఉంది. పుదీనా కాడలు మాత్రం తీసేయాలి, పీచు, చేదు. పుదీనా ఎక్కువైనా చేదే, అందుకే సగం అన్నాను. ఆకులు కడిగాక గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వండి. ఈ ఒక్క పని చాలామంది వదిలేస్తారు. తడి ఆకుతో నూరితే ముద్ద జారుగా వచ్చి ముక్కను పట్టుకోదు, గిన్నె అడుగుకు చేరుతుంది. కరివేపాకును చెంచా నూనెలో పెళపెళలాడే వరకు వేయించి వేస్తే పంటికి అడ్డుపడదు.

ముందు వేరుశనగపప్పు, జీలకర్ర, ఉప్పు పొడి చేసుకోండి. తరువాత అల్లం, వెల్లుల్లి, మిరపకాయలు. చివర ఆకులు. రోట్లో నూరేవారికి నేను చెప్పవలసింది లేదు. మిక్సీలో వేసేవారు గబగబా ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే గిన్నె వేడెక్కి ఆకు నల్లబడుతుంది. నీళ్లు తప్పకపోతే రెండు చెంచాల చల్లటి నీళ్లు చాలు. నూనె ఆఖర్న కలపండి. ఆకుల వాసనలు చాలావరకు నూనెలో కరిగేవి. నూనె లేని ముద్ద పెనం మీద ఆవిరై పోతుంది, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, ముక్కలో మాత్రం ఏమీ ఉండదు. వేరుశనగపప్పు ఎందుకంటే, అది ముద్దకు చిక్కదనం ఇచ్చి ముక్కకు అంటుకొనేలా చేస్తుంది.

నిమ్మరసం ఇప్పుడే పిండకండి. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగు వెలిసి పాచిరంగుకు వస్తుంది. ముక్కలకు పట్టించేటప్పుడు సగం, వడ్డించేటప్పుడు సగం. నిమ్మకు బదులు గడ్డపెరుగు వాడుకోవచ్చు. చింతపండు పులుసు ముద్దను పలచన చేస్తుంది, నాకు అంత నచ్చలేదు.

మా పెరట్లో వామాకు మొక్క ఉంది. కన్నడంలో దొడ్డపత్రె, తమిళంలో కర్పూరవల్లి. పిల్లలకు దగ్గు వస్తే రసం తీసి ఇస్తాం చూడండి, అదే. రెండు ఆకులు ఈ ముద్దలో వేశానంటే వంకాయకు వచ్చే రుచే వేరు. రెండు ఆకులు మించితే కషాయం తిన్నట్టు ఉంటుంది, మీ ఇష్టం.

ఇక మీల్ మేకర్. నీళ్లు తెర్లనిచ్చి, కొంచెం ఉప్పు వేసి, ఎనిమిది పది నిమిషాలు బాగా ఉడికించండి. దించి, చల్లటి నీళ్లలో వేసి, గుప్పిట్లో గట్టిగా పిండండి. నురగలా తెల్లటి నీళ్లు వస్తాయి. మళ్లీ నీళ్లు పోసి మళ్లీ పిండండి. మూడోసారి పిండినప్పుడు ఆ పచ్చివాసన పోయి ఉంటుంది. చివరిసారి ఎంత గట్టిగా పిండితే అంత మంచిది, ఎందుకంటే మీరు ఖాళీ చేసిన చోటే మసాలా వచ్చి కూర్చుంటుంది. ముద్దను నాలుగు చెంచాల పెరుగుతో పలచన చేసి, అందులో ఈ ఉండలు వేసి, చేత్తో మెల్లగా వత్తి వదలండి. పీల్చుకుంటాయి. ఒక గంట మూతపెట్టి ఉంచండి. దీనికి మాత్రం ఎక్కువసేపు ఉంటే లాభమే. పెరుగు తినని ఇళ్లలో కొబ్బరిపాలు పోసుకోవచ్చు. పెనం మీద సన్నటి సెగన మూతపెట్టి ఐదు నిమిషాలు, మూత తీసి అంచులు ఎర్రబడేదాకా ఇంకో ఐదు నిమిషాలు.

పట్టణాల్లో ఇప్పుడు సోయాపన్నీరు అమ్ముతున్నారు, టోఫు అంటారు. దాన్ని గుడ్డలో చుట్టి, పైన చిన్న సన్నికల్లు పొత్రమో, నీళ్లు నింపిన గిన్నో అరగంట పెట్టండి. నీరు దిగిపోయాక ముక్కలు కోసి ముద్ద రాయండి. సూత్రం అదే, ముందు ఖాళీ చేయాలి.

కూరగాయల విషయానికొస్తే, వంకాయ మనకు కొత్త కాదు. గుత్తివంకాయకు నాలుగు పక్షాలు చేసి కారం కూరడం ఏమిటి? మసాలా లోపలికి పోదని తెలిసిన మన పెద్దలు దారి చేసి పెట్టడమే కదా. అదే తెలివి మిగతావాటికీ వాడండి. బెండకాయను నిలువునా చీల్చండి. చిన్న ఉర్లగడ్డలను ఉప్పునీళ్లలో ముప్పాతిక ఉడికించి, ఫోర్కుతోనో పుల్లతోనో నాలుగు పోట్లు పొడిచి, వేడి మీదే ముద్ద కలపండి. చల్లారేటప్పుడు ఉప్పూ కారమూ కొంత లోపలికి తీసుకుంటాయి. కాలీఫ్లవరును పసుపు, ఉప్పు వేసిన వేడినీళ్లలో మూడు నిమిషాలు ఉంచి, తీసి, గుడ్డ మీద ఆరబెట్టాకే పట్టించండి. వీటికి ఇరవై నిమిషాలు, అరగంట చాలు. బీరకాయ, సొరకాయ, బూడిదగుమ్మడి ఈ పనికి రావు. నేను చేసి చూశాను, పెనం మీద చారు అయింది. కాల్చేటప్పుడు ముక్క ముక్కకూ మధ్య ఎడం ఉండాలి. గంపెడు ముక్కలు ఒకేసారి వేస్తే అవి కాలవు, ఉడుకుతాయి.

గింజల దగ్గర ఒక మెలిక ఉంది. అలసందలు, శనగలు, ఉలవలు, చలికాలంలో మన కోలారు, హోసూరు, కుప్పం వైపు వచ్చే అనపగింజలు, ఇవన్నీ ఈ ముద్దకు చక్కగా సరిపోతాయి. కానీ ముందు పూర్తిగా ఉడకాలి. పచ్చివో, నానినవో నేరుగా కాల్చి తినడం మంచిది కాదు. రాజ్మా అయితే మరీ జాగ్రత్త. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేటట్టు ఉడికించి తీరాలి, లేకపోతే వాంతులు పట్టుకుంటాయి. ఉడికేటప్పుడు పులుపు వేయకూడదు. పులుపు తగిలిన గింజ ఎంత ఉడికినా గట్టిగానే ఉంటుంది. మన ప్రాంతాల బోరునీళ్లు కూడా అదే పని చేస్తాయి. సున్నపుదనం ఎక్కువ ఉన్న నీటిలో గింజ తోలు బిగుసుకుంటుంది. "మా ఊరి శనగలు ఉడకవమ్మా" అని శనగలను తిట్టుకుంటాం, తప్పు నీటిది. కాచి, చల్లార్చి, పైన తేరిన నీళ్లు తీసుకోండి. నానబోసేటప్పుడే కొంచెం ఉప్పు వేయండి, తోలు మెత్తబడుతుంది. అప్పటికీ కాకపోతే చిటికెడు వంటసోడా. చిటికెడే. ఉడికిన గింజలను వార్చి, వేడిగా ఉండగానే ముద్ద కలిపి, పావుగంట ఉంచి, మూకుట్లో తడి ఇగిరేదాకా వేయించండి. పితికిపప్పుతో చేస్తే గిన్నె పొయ్యి మీద నుంచి దించేలోపు సగం అయిపోతుంది.

ఇప్పుడు మా అత్తగారి ప్రశ్నకు వస్తాను. ఆవిడ అడిగింది చాదస్తం కాదు. ఎదిగిన ఆడపిల్ల మాంసం మానేస్తే, మాంసకృత్తులు ఎక్కడినుంచి, ఇనుము ఎక్కడినుంచి అని అడగాల్సిందే. ఎండు మీల్ మేకరులో దాదాపు సగం బరువు మాంసకృత్తులే, 100 గ్రాములకు 50 గ్రాములు. అయితే అది నాని ఉడికాక మూడింతలు తూగుతుంది కాబట్టి, పళ్లెంలో పెట్టిన 100 గ్రాములలో ఉండేది 16, 17 గ్రాములే. అదీ తక్కువేమీ కాదు. వేరుశనగలో 100 గ్రాములకు 25 గ్రాములు, కంది, అలసంద వంటివాటిలో 22 నుంచి 24 గ్రాములు, ఎండుగింజల లెక్కన. మన రాగిసంగటిలో, వరన్నంలో లైసిన్ అనే భాగం తక్కువ. పప్పుగింజల్లో అది దండిగా ఉంటుంది. అందుకే సంగటి పక్కన ఉలవచారో, అలసందలో ఉంటే రెండింటి లోటూ తీరుతుంది. ఇనుము ఆకుకూరల్లో, గింజల్లో ఉన్నా ఒంటికి సులభంగా పట్టదు. భోజనంతో పాటు నిమ్మరసం ఉంటే బాగా పడుతుంది. సగం నిమ్మకాయ వడ్డించేటప్పుడు పిండమన్నది రుచికోసమే కాదు, వేడికి ఆ గుణం తగ్గిపోతుంది కాబట్టి. తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే ఆ మేలు కొంత పోతుంది. గంట ఆగండి. బి-12 అనే విటమిను మాత్రం ఏ ఆకులోనూ, గింజలోనూ దొరకదు. పాలు, పెరుగు తీసుకొనేవారికి కొంత వస్తుంది, అవీ మానినవారు వైద్యుణ్ణి అడిగి మాత్రలు వేసుకోవాలి. ఈ మాటలన్నీ మా ఊరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పాక, మా అత్తగారు కొంచెం నెమ్మదించారు. రక్తపరీక్ష చేయించాక ఇంకొంచెం నెమ్మదించారు.

చివరగా ఒక జాగ్రత్త. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది చాలావరకు దీనికోసమే. మనం ఆవకాయ పెట్టే జనం. జాడీ, నూనె చూస్తే ఏడాది నిలవ ఉంటుందనే ధీమా. నేనూ అలాగే, ఒకసారి ముద్ద మిగిలితే సీసాలో వేసి, పైన వేలెడెత్తు నువ్వుల నూనె పోసి, అలమరలో పెట్టాను. వారం తరువాత మూత తీస్తే బుస్సుమంది, బుడగలు. పారబోశాను. నూనె పాడైపోయిందని బాధపడ్డాను కానీ, ఎంత ప్రమాదం తప్పిందో అప్పుడు తెలియదు.

ఆవకాయ నిలవ ఉండేది నూనెవల్ల మాత్రమే కాదు. మామిడి పులుపు, అంత ఉప్పు, ముక్కల్లో తడి లేకుండా తుడవడం, ఇవన్నీ కలిసి కాపాడతాయి. పచ్చముద్దలో ఆకుల నీరు ఉంది, ఉప్పు తక్కువ, పులుపు తక్కువ. వెల్లుల్లి, అల్లం, ఆకులు మట్టిని అంటిపెట్టుకొని పెరిగేవి. మట్టిలో బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. దానికి గాలి గిట్టదు. మనం పైన నూనె పోసి గాలి తగలకుండా చేశామంటే, దానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. అది పుట్టించే విషానికి ఒక్కోసారి వాసనా ఉండదు, బుడగలూ రావు. నా సీసా బుస్సుమని చెప్పింది కాబట్టి సరిపోయింది. 1985లో కెనడాలో, వాంకూవర్ నగరంలో ఒక భోజనశాలలో తిన్నవారు 36 మంది ఇలాగే జబ్బుపడ్డారు. వెతికితే కారణం నూనెలో నిలవచేసిన తరిగిన వెల్లుల్లి అని తేలింది. దాన్ని చల్లటి చోట ఉంచలేదు.

కాబట్టి ఈ ముద్ద ఏ పూటది ఆ పూట చేసుకోవడం మేలు. ఫ్రిజ్ ఉన్నవారు మూత ఉన్న గిన్నెలో రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఉంచుకోవచ్చు. అంతకు మించి కావాలంటే ఐసు గడ్డలు కట్టే పళ్లెంలో ముద్ద నింపి గడ్డ కట్టించండి. ఒక్కొక్క గడ్డ ఒక పూటకు వస్తుంది. ఫ్రిజ్ లేని ఇళ్లలో ఇంకో దారి ఉంది. ఆకులను నీడన గలగలలాడేలా ఆరబెట్టి, వేయించిన జీలకర్ర, ఎండుమిరపకాయలు, ఉప్పుతో పొడి కొట్టి పెట్టుకోండి. తడి లేదు కనుక నెలరోజులు దిగులు లేదు. కావలసిన రోజు అల్లం, వెల్లుల్లి అప్పటికప్పుడు నూరి, పొడిలో కలిపి, నూనె పోసుకుంటే ముద్ద సిద్ధం. పచ్చి ఆకు రుచి రాదు, అబద్ధం చెప్పను. కానీ ఎండాకాలంలో కొత్తిమీర కట్ట ధర చూసి వెనక్కి వచ్చిన రోజున ఆదుకుంటుంది.

మాంసం తినేవారూ, తిననివారూ ఒకే ఇంట్లో ఉంటే, ముద్ద నూరగానే రెండు గిన్నెల్లోకి తీయండి. పచ్చిమాంసం తాకిన చెంచా, చెయ్యి రెండో గిన్నె వైపు పోకూడదు. అది ఆచారం కోసం మాత్రమే కాదు, పచ్చిమాంసం మీది క్రిములు చేరకుండా కూడా. మాంసం నానిన ముద్ద మిగిలితే పారబోయండి.

మా ఇంట్లో ఆదివారం ఇప్పుడు రెండు పెనాలు పొయ్యెక్కుతాయి. మొన్న మా అత్తగారు కోడి ఉన్న పెనం వదిలి, అమ్మాయి వైపు పెనం లోంచి రెండు మీల్ మేకర్ ముక్కలు వేయించుకున్నారు. పళ్లు లేవు కదా, ఇదే మెత్తగా ఉందన్నారు. కారం కొంచెం తగ్గించమన్నారు. వచ్చే ఆదివారం పచ్చిమిరపకాయలు మూడే వేస్తాను.